రోజీకి మిగిల్చిన చోటు

ఈశాన్యం గదిలో గోడ మీద మొహం లేని ఆడమనిషి బొమ్మ ఉండటం సత్యవాణికి మొదటి రోజు నుంచీ నచ్చలేదు. మిగతా బొమ్మంతా బాగానే ఉంది. సముద్రమంత సరస్సు, ఒడ్డున సంత, అరటిగెలలు వేలాడుతున్న సైకిళ్లు, బస్సు టాపెక్కిన మేకలు, పొట్టలు ముందుకు తోసుకుని నడిచే పెద్దమనుషులు. ఒక్కొక్కరి మొహం చూస్తే నవ్వొస్తుంది, వీళ్లెవరో మనకీ తెలుసే అనిపిస్తుంది. వాళ్లందరి మధ్యా పచ్చగౌను వేసుకుని, చంకలో బుట్ట పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడకు జుట్టుంది, చెవులకు రింగులున్నాయి, పొడుగాటి మెడ ఉంది. మొహం ఉండాల్సిన చోట మాత్రం అరచేయంత తెల్లటి ఖాళీ.

ఐర్లాండులో, డబ్లిన్ పక్కనున్న లీక్స్‌లిప్‌లో ఇల్లు దొరకడమంటే మాటలు కాదు. కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లంతా అక్కడే వెతుకుతారు. సత్యవాణిదీ ఆ ఫ్యాక్టరీలోనే ఇంజనీరు ఉద్యోగం. ఏళ్ల తరబడి లీజులు మారుస్తూ, పెట్టెలు సర్దుతూ విసిగిపోయాక దొరికిన సొంత ఇల్లు అది. తూర్పు గుమ్మం, ఈశాన్యాన పడకగది. కొనకముందే అది పూజగది అయిపోయింది ఆమె మనసులో.

"మొహం లేని బొమ్మ ఎదురుగా వ్రతం ఎలా చేస్తామండీ?" అని అడిగింది భర్తని.

యుగంధర్ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటాడు. గోడ ఎలా ఉన్నా వైఫై వస్తే చాలు అతనికి. "పెయింటింగ్ బానే ఉంది కదా సత్యా. ఎవరో కష్టపడి వేసుకున్నట్టున్నారు. ఉండనీ" అన్నాడు.

"ఉండనీయడానికి అదేమన్నా క్యాలెండరా? ఏడాది పోయాక తీసేస్తామా?"

ఇల్లు అమ్మినాయన్ని అడిగితే, అవన్నీ పాత అద్దెవాడి పిచ్చిగీతలు, రంగు కొట్టేసుకోండి, గ్రాండ్‌గా ఉంటుంది అన్నాడు. అంతకన్నా ఏం కావాలి? మీగడ రంగు డబ్బా కొనుక్కొచ్చి, చీర కుచ్చిళ్లు దోపి, సత్యవాణి తనే రెండు పూతలు వేసింది. పచ్చగౌను ఆవిడ దగ్గరికొచ్చేసరికి కళ్లు పక్కకు తిప్పుకుని రోలరు లాగేసింది. ఆ వారమే గృహప్రవేశం జరిగింది. పాలు చక్కగా పొంగాయి. డబ్లిన్ నుంచి వచ్చిన స్నేహితులందరూ ఇల్లు లక్షణంగా ఉందన్నారు.

అక్టోబరులో ఒక శనివారం బెల్లు మోగింది. సత్యవాణి దోసెపిండి చేతుల్తోనే వెళ్లి తలుపు తీసింది. వానలో తడిసిన కోటుతో పొడుగ్గా, నల్లగా ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. భుజాన గుడ్డసంచి. వణుకుతున్న కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"నా పేరు శామ్యూల్ వాండేరా. నేనూ నా భార్యా పధ్నాలుగేళ్లు ఈ ఇంట్లోనే ఉన్నాం. నేనొస్తానని, ఇల్లు అమ్మిన ఇంటాయన మీకు చెప్పే ఉంటాడు" అన్నాడు మెల్లటి ఇంగ్లీషులో.

ఇంటాయన చెప్పలేదు. ఆ సంగతి సత్యవాణి మొహంలోనే తెలిసిపోయినట్టుంది, ఆయన చిన్నగా నవ్వి క్షమాపణ అడిగాడు. ఇప్పుడుంటున్న కార్లో అనే ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషిని వానలో నిలబెట్టడం ఎలా అని ఆమె లోపలికి రమ్మంది. వంటింట్లో కూర్చోబెట్టి అల్లం టీ ఇచ్చింది. ఎందుకిచ్చానా అని తరవాత వారమంతా అనుకుంది.

ఆయన కప్పుని రెండు చేతులతో పట్టుకుని, తాగుతూ ఆగుతూ చెప్పాడు. ఆఫ్రికాలో, కంపాలాలో ఒక పత్రికకి రోజూ కార్టూన్ వేసేవాడు. సెలవుల్లో రంగుల బొమ్మలు. యూనివర్సిటీలో చిత్రకళ చరిత్ర పాఠాలు చెప్పేవాడు. పల్లెల్లో ఆడవాళ్లు బూడిద, ఎర్రమట్టి కలిపి మట్టిగోడల మీద వేసే బొమ్మల గురించి ఊరూరూ తిరిగి పెద్ద పుస్తకం రాశాడు. ఒకసారి ఒక మంత్రిని పేద్ద కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు నేలకి అందనట్టు గీశాడు. ఆ కాళ్ల దెబ్బకి పత్రిక మూతబడింది, ఈయన్ని లోపల వేశారు. బయటికొచ్చేసరికి భార్య రోజీకి ఐర్లాండులో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆమె వెంట వచ్చేశాడు.

"ఇక్కడ కార్టూన్లు వెయ్యలేదా?" అని అడిగింది సత్యవాణి.

"ఎవరిని వెయ్యను? ఇక్కడి మంత్రులు నాకు తెలియరు. తెలిసిన మనిషిని గీస్తేనే కార్టూన్. తెలియనివాణ్ని గీస్తే అది తిట్టు."

ఇక్కడే సాయంత్రాలు పెద్దవాళ్లకి బొమ్మలు నేర్పాడు. ఎప్పుడైనా ఆఫ్రికా పేరు పెట్టి ప్రదర్శన జరిగితే ఒక మూల రెండు బొమ్మలు పెట్టనిచ్చేవారు. అంతే. ఇంతలో రోజీ మంచం పట్టింది. మేడ మీద ఈశాన్యం గదిలో, గోడకి ఎదురుగా పడుకునేది. ఆ గోడ మీద ఆయన ఆమె ఊరు వెయ్యడం మొదలుపెట్టాడు. సరస్సు, సంత, వాళ్లిద్దరికీ తెలిసిన ప్రతి మనిషీ. అన్నం తింటూ ఆమె, ఫలానావాడి ముక్కు ఇంకా పెద్దదని దిద్దించేది.

"నేను మొహం ఎప్పుడూ చివర్లో వేస్తాను. అది కార్టూన్ల అలవాటు. మనిషి నిలబడే తీరు కుదిరాక గానీ మొహం ఏమిటో నాకు తెలీదు. రోజీది కూడా చివరికే ఉంచాను. మందులకి ఆమె మొహం బాగా వాచిపోయింది. ఈ మొహం వద్దు, తగ్గాక వెయ్యి అంది."

తగ్గలేదు. ఆమె పోయాక ఆ గోడ ముందు నిలబడే ధైర్యం ఆయనకి చాలాకాలం రాలేదు. వచ్చేలోపు ఇల్లు అమ్ముతున్నామని నోటీసొచ్చింది. తరవాత చేతికి వణుకు మొదలైంది. ఇది ఇంకా పెరగడమే గానీ తగ్గడం ఉండదని డాక్టరు చెప్పాడు.

"ఇప్పుడు వెయ్యగలననిపిస్తోంది. ఒక్క పూట చాలు నాకు. ఈ చెయ్యి పూర్తిగా పోకముందు ఆ మొహం ఒకటి వేసి వెళ్లిపోతాను" అన్నాడాయన.

చెప్పెయ్యాల్సిన క్షణం అదే. సత్యవాణి నోరు తెరిచింది కూడా. "పైన చుట్టాలు పడుకున్నారు. వచ్చే శనివారం రాగలరా?" అన్న మాటలు బయటికొచ్చాయి. పెద్దాయన వెంటనే లేచాడు. నిద్రపోయేవాళ్లని ఇబ్బంది పెట్టానేమో అని నొచ్చుకుంటూ వానలోకి వెళ్లిపోయాడు.

కూతురు చరిత గుమ్మంలో నిలబడి అంతా వింది. పన్నెండేళ్ల పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషే. "వై డిడ్ యూ లై టు హిమ్, అమ్మా?" అంది. చరిత ఫోనులో ఆయన పేరు కొట్టి, కాళ్లు అందని మంత్రి బొమ్మని తల్లికి చూపించింది. ఆ కాళ్లు చూడగానే సత్యవాణికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. తను చెరిపింది ఎవరో అద్దెవాడి పిచ్చిగీతలు కాదని అప్పుడు నిజంగా తెలిసింది.

మర్నాడే దేవుళ్లని కిందికి దింపి వంటింటి అరలో సర్దింది. గోరువెచ్చటి నీళ్లు, స్పాంజి, గీకుడు రేకు పట్టుకుని గోడ మీద పడింది. ఫ్యాక్టరీలో వెంట్రుకలో వెయ్యోవంతు పొరల్ని ఒకదాని మీంచి ఒకటి ఒలిచే పని ఆమెది. గోడ మీది రెండు పూతలు ఎంత అనుకుంది. మీగడ రంగు ఊడొచ్చింది. దాంతోపాటు సరస్సూ ఊడొచ్చింది. మేకలు, సైకిళ్లు, పెద్దమనుషుల పొట్టలు అన్నీ కలిసి బురదనీళ్లయి బకెట్లోకి జారాయి. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ రెండోసారి చెరుపుతోంది.

"ఆ రోజే చెప్పేస్తే పోయేదిగా సత్యా. పోనీ ఇప్పుడన్నా ఫోన్ చేసి చెప్పు" అన్నాడు యుగంధర్.

"నంబరు ఎవరు తీసుకున్నారు? తీసుకుంటే మాత్రం ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

శుక్రవారం సాయంత్రం గోడ నడుమ గీకుతుంటే మీగడ రంగు ఒక్కసారిగా కాచిన పాల మీద తొరకలా లేచొచ్చింది. కింద శుభ్రంగా, నున్నగా తెల్లదనం. పక్కన కాస్త జుట్టు, ఒక చెవి రింగు. అంత గోడలోనూ మిగిలింది ఆ ఖాళీ ఒక్కటే. సత్యవాణి బకెట్టు పక్కన నేల మీద కూలబడింది.

శనివారం ఆయన టై కట్టుకుని వచ్చాడు. సంచిలో సన్నటి కుంచెలు, చిన్న చిన్న రంగు గొట్టాలు. కోటు కూడా విప్పకముందే సత్యవాణి చెప్పేసింది. "చుట్టాలెవరూ లేరు. అబద్ధం చెప్పాను. గోడకి నేనే రంగు వేసేశాను. పూజగది చేద్దామని. మొహం లేని బొమ్మ ఇంట్లో మంచిది కాదని. తరవాత గీకి చూశాను, ఉన్నది కూడా పోయింది."

ఆయనకి కోటు విప్పి కొక్కేనికి తగిలించడానికి చాలాసేపు పట్టింది. "చూడొచ్చా?" అని మాత్రం అడిగాడు.

మెట్లు పట్టుకుని పట్టుకుని ఎక్కాడు. మరకలు మరకలుగా ఉన్న గోడని ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాడు. సరస్సు ఉండే చోట కాసేపు ఆగాడు. తరవాత తెల్లటి ఖాళీని వేళ్లతో తడిమి, "మొహం కోసమని ఇక్కడ మాత్రం నూనె పూత వేసి రుద్ది పెట్టాను. మీ రంగు దీనికి పట్టలేదు. మిగతాదంతా నీళ్ల రంగే" అన్నాడు, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు.

తిట్టినా బాగుండునని సత్యవాణి అనుకుంది. ఆయన కుర్చీలో కూర్చుని తన చిన్నప్పటి సంగతి ఎత్తుకున్నాడు.

"నాకు పదమూడేళ్లప్పుడు మా దేశంలో ఉన్న ఇండియన్లని వెళ్లిపొమ్మన్నారు. మా ఊళ్లో నేను రంగుపెట్టె కొనుక్కున్న కొట్టాయన కూడా పోయాడు. మా నాన్న సైన్యంలో డ్రైవరు, ఆ కొట్టాయన ఇల్లు మాకిచ్చారు. గుమ్మం పక్క గోడ మీద ఎర్రటి చేతి ముద్రలుండేవి. ఆ ఇంటి ఆడపిల్లలు పెళ్లై వెళ్లేటప్పుడు వేసిపోయినవట, అది చాలా ఏళ్లకి గానీ నాకు తెలీలేదు. మా అమ్మ వాటిని చూసి భయపడింది. ఎవరివో చేతులు ఇంట్లో ఉండటం మంచిది కాదంది. సున్నం కలిపి, బ్రష్షు నా చేతికే ఇచ్చింది. గోడ మీద నేను చేసిన మొదటి పని అదే."

"తరవాత వాళ్లెవరైనా వచ్చారా?"

"వస్తారని కొన్నాళ్లు ఎదురుచూశాను. ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఎవరూ రాలేదు."

ఆ తరవాత లేచి కుంచె తీశాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి మొదటి గీత పెట్టాడు. గీత వంకర పోయింది. గుడ్డతో తుడిచేశాడు. మళ్లీ వేశాడు. ఈసారి రెండు కళ్లు, చెంపల ఒంపు వచ్చాయి. వంకరగానే ఉన్నా ఒక మనిషి పోలిక కనిపించింది. సత్యవాణికి ఆశ పుట్టింది. వస్తోంది, వచ్చేస్తోంది అని లోపల్లోపల అనుకుంటోంది.

ఆయన వెనక్కి జరిగి చాలాసేపు చూశాడు.

"ఇది వాచిన మొహం. ఆమె వద్దన్న మొహం. నాకు అదే గుర్తొస్తోంది. అంతకుముందుది రావట్లేదు" అన్నాడు.

కళ్లు మూసుకుని మళ్లీ నిలబడ్డాడు. మూడోసారీ ఆ చెంపలే వచ్చాయి. వాటిని తుడిచేటప్పుడు మాత్రం ఆయన భుజాలు కదిలాయి. సత్యవాణి అవతలికి తిరిగి నిలబడింది. ఆ మనిషి దగ్గర్నుంచి తను లాక్కున్నది గోడ ఒక్కటే కాదనీ, గోడ ఉండుంటే చుట్టూ ఉన్న ఆ జనంలోంచి, ఆ సంతలోంచి రోజీ పాత మొహం ఆయనకి దొరికేదేమోననీ ఆమెకి తోచింది. అడిగే ధైర్యం లేకపోయింది.

"మీ రంగు ఏమన్నా మిగిలిందా?" అని అడిగాడాయన, కుంచెలు సంచిలో పెట్టేస్తూ.

"ఇట్స్ ఇన్ ద ప్రెస్, అమ్మా, అండర్ ద స్టెయిర్స్" అంది చరిత గుమ్మంలోంచి. అలమారాని ఇక్కడి పిల్లలు అలాగే అంటారు. సత్యవాణి డబ్బా, రోలరు తెచ్చి, ఎందుకో అర్థమై, "వద్దు, ఉంచండి, అలాగే ఉండనివ్వండి" అంది.

"ఉంచితే రోజూ దీన్ని చూసి మీరు బాధపడతారు. రోజీకి అది నచ్చదు" అన్నాడు. గరుకు కాగితం కూడా అడిగాడు. నూనె పూత మీద రంగు నిలవాలంటే ముందు గరుకు చెయ్యాలి, లేకపోతే మళ్లీ ఊడొస్తుందని చెప్పి, ఆ నున్నటి తెలుపుని ఓపిగ్గా రుద్దాడు. జుట్టు పోయింది, చెవి రింగు పోయింది. తరవాత రోలరు ముంచి గోడ ఆ కొస నుంచి ఈ కొస దాకా లాగాడు. "ఈ పనికి చెయ్యి వణికినా ఫరవాలేదు" అన్నాడు ఒకసారి. పూత ఆరేదాకా కూర్చుని, రెండో పూత కూడా వేశాడు. చివర్లో సింకు దగ్గర రోలరు తనే కడిగి, నీళ్లు పిండి, బోర్లించాడు.

గుమ్మం దగ్గర కోటు తొడుక్కుంటూ, "ఇప్పుడింక మీ దేవుళ్లని పైకి తెచ్చుకోండి" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని సత్యవాణి వెతికింది. లేదు. అదే ఆమెకి భరించలేనిదయింది.

ఆమె తెచ్చుకోలేదు. దేవుళ్లు వంటింటి అరలోనే ఉన్నారు, ఈశాన్యం గది ఖాళీగా ఉంది. పొద్దున్నే దీపం పెట్టాక ఒకసారి పైకి వెళ్లి ఆ గోడని అరచేత్తో తడుముతుంది. రోజీకి మిగిల్చిన చోటు ఎక్కడుందో ఎంత తడిమినా చేతికి తగలదు. ఆయన అంత బాగా పనిచేసి వెళ్లాడు.