రెండో గడి

నర్సు చదువుకు దరఖాస్తులు సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. మూడున్నర దాటినా ఉత్తరాది జిల్లాల నుంచి పట్టుమని పది పేర్లు రాలేదు. రాజధాని కంపాలాలోని ఓ చిన్న కంపెనీలో కూర్చుని ఆ ఫారం తయారుచేసిన అనెనాకు పొద్దుటి నుంచి ముద్ద దిగలేదు.

ఫోన్‌లో చిన్నాన్న కూతురు లమును. ఉత్తరాన కిట్గుమ్ ఊరి దగ్గర సంతలో, అద్దె కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"మళ్ళీ నొక్కానక్కా. మళ్ళీ అదే పేజీ. ఏమీ అనదు, ఊరికే నా మొహం చూస్తోంది."

"నెట్ ఉందా?"

"ఉంది. నాకే చేతకావట్లేదేమో. వెనక వాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళకీ అవ్వట్లేదనుకో."

లమునుకు వచ్చే నెల ఇరవై అయిదు నిండుతాయి. నిండితే ఇక ఆ సీటుకు పనికిరాదు. ఆశ వదిలేసుకున్న పిల్లను, "ఈసారి ఫారం నేనే రాశానే, కళ్ళు మూసుకుని నింపొచ్చు" అని ఊరించింది అనెనానే. ఇప్పుడా మాట తలుచుకుంటే ఏడుపొస్తోంది.

"మీ వైపు వాళ్ళు ఇంకా మీట నొక్కడం నేర్చుకోలేదా తల్లీ?" అన్నాడు పక్క కుర్చీలోని కిగోజీ.

"నీ పని నువ్వు చూసుకో."

అనెనా తన దగ్గరున్న ఫారం నకలులో ఇరవైసార్లు నింపి చూసింది. ఇరవైసార్లూ చక్కగా వెళ్ళింది. సర్వరును తిట్టుకుంది, నెట్‌ను తిట్టుకుంది. చివరికి తిరిగొచ్చిన ఫారాల చిట్టా తెరిచింది. ఫోన్ నంబరు గడిలో ఒక నంబరు. "మళ్ళీ రాయండి" అన్న గడిలో ఇంకో నంబరు. అందరివీ అంతే. రెండు సిమ్‌లు లేని మనిషి అక్కడెవరు? ఒకదానికి సిగ్నల్ పోతే రెండోది పలుకుతుంది. మళ్ళీ అడిగారంటే రెండోది కావాలనే అనుకున్నారు. అనెనా ఫోన్‌లోనూ రెండే ఉన్నాయి.

ఆ రెండు గళ్ళూ సరిపోలాలన్న నియమాన్ని జావా కోడ్‌లో తనే రాసింది, ఎంతో ముచ్చటపడి. సరిపోలకపోతే చెప్పాల్సిన మాటను రెండో గడికి కాకుండా మొత్తం ఫారానికి తగిలించింది. పేజీకేమో గళ్ళ కింది తప్పులు చూపించడమే తెలుసు. అందుకే ఫారాన్ని వెనక్కి పంపుతోంది, ఎందుకో చెప్పట్లేదు.

సరిచేసి సర్వరులో పెట్టేసరికి నాలుగూ నలభై. లమునుకు ఫోన్ చేస్తే సిగ్నల్ అందలేదు. చిట్టాలోంచి ఆమె రెండో నంబరు తీసి కొట్టింది.

"ఇంటికెళ్ళిపోతున్నాం అక్కా. దుకాణంవాడు పొమ్మన్నాడు. ఆరుగురం నడుస్తున్నాం."

"తప్పు నాదే, మీది కాదు. నువ్వు చెబుతుండు, నేను నింపుతా. పూర్తి పేరు చెప్పు."

"ముందు ఈ పిల్లది రాయి. పొద్దుటి నుంచి ఏడుస్తోంది."

"ముందు నీది చెప్పవే."

"నువ్వు నా అక్కవి, ఎక్కడికి పోతావు? ఇదిగో, మాట్లాడు."

ఫోన్ చేతులు మారింది. పేరు, ఊరు, మార్కులు, నంబరు, మళ్ళీ అదే నంబరు. ఒకరి తర్వాత ఒకరు. తప్పు కొడితే ఇప్పుడు గడి కింద ఎర్రగా చెబుతోంది. ఇద్దరు పిల్లల వంతుల మధ్య ఒకసారి, "లమునుకియ్యండమ్మా" అని బతిమాలింది. ఎవరూ ఇవ్వలేదు. ఐదో పిల్లది వెళ్ళేసరికి నాలుగూ యాభై తొమ్మిది.

"ఇక నాది," అంది లమును, రొప్పుతూ.

అనెనా పేరు కొట్టింది. ఊరు కొట్టింది. మార్కులు కొట్టింది. రెండు గళ్ళలోనూ ఒకే నంబరు కొట్టింది. మీట నొక్కింది.

గడువు ముగిసింది, అని వచ్చింది పేజీ మీద.

"అక్కా, వెళ్ళిందా?"

ఐదు కాగానే ఫారం మూసుకుని జాబితా దానంతటదే ఆఫీసుకు వెళ్ళిపోయేలా రాసింది కూడా అనెనానే. అది మాత్రం సరిగ్గా పనిచేసింది.