జిప్పు తీయని బ్లాంకెట్

గల్ఫ్ యుద్ధంలో, మేం పనిచేసే సౌదీ సరిహద్దు ఊరు ఖఫ్జీ మీద గుండ్లు పడ్డ రోజు కంపెనీ బస్సులోకి అందరూ బట్టలు, పైసలు పట్టుకుని ఎక్కారు. మా ఊరి బాలన్న బ్లాంకెట్ పట్టుకుని ఎక్కాడు. ఎర్ర పూల డబుల్ బ్లాంకెట్, మీద ప్లాస్టిక్ సంచి, సంచికి జిప్పు. ఏడేళ్లలో ఆయన భార్య పోచవ్వ వదిన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. జిప్పు కూడా తీయకుండా కొత్తది కొత్తగానే ఆమె చేతిలో పెట్టాలని ఆయన పంతం.

యుద్ధం అయిపోయింది, దాంతోపాటే మా కంపెనీ కూడా. నాకు ఖమీస్ ముషైత్‌లో వేరే పని దొరికింది. బాలన్నకు ఎగ్జిట్ కొట్టారు, ఇక ఇంటికే; విమానం జిద్దా నుంచి బొంబాయికి. మధ్యలో రెండు వారాలు ఖాళీ. బస్సు దింపిన దమ్మామ్‌లోనే కాళ్లు చాపుకుని పడుకుందామని నేను.

"ఇంటికి వోతె ఏం జూసినవ్ అని అడుగుతది తమ్మీ. ఏడేండ్లు ఇసుక జూసిన అని చెప్పాల్నా?" అన్నాడు బాలన్న.

"చెప్పు. అబద్ధమా?"

"నాతోని రా. ఎర్రసముద్రం జూద్దాం, గుట్టలు జూద్దాం."

ఈ దేశంలో గుట్టలు చూడ్డానికి అనుమతి అడిగిన మొదటి కూలీలం మేమేనేమో, మా వీసాల యజమాని కఫీల్ కడుపుబ్బ నవ్వి ముద్ర కొట్టాడు.

హోటళ్లకు పైసలెక్కడివి? కానీ ఎక్కడికి పోయినా మనవాళ్ల రూములుంటాయి. లీత్‌లో మునిస్వామి అనే కడపాయన చేపల పులుసు పెట్టాడు, పరుపు ఇచ్చాడు, సాయంత్రం సముద్రం చూపించాడు. బాలన్న నీళ్లు నోట్లో పోసుకుని ఉప్పగా ఉన్నాయని నాకు చెప్పాడు. నాకు తెలియదు మరి! తెల్లారి బయల్దేరుతుంటే మునిస్వామి ఒక ఇస్త్రీపెట్టె తెచ్చాడు.

"మా ఇంటిదానికి ఇచ్చేయన్నా. బొంబాయిలో రైలెక్కితే కడపలోనే దిగొచ్చు."

మాది జగిత్యాల. బొంబాయి నుంచి మాకు కడప ఏ దారిలో తగులుతుందో ఆ దేవుడికే తెలియాలి. కానీ గల్ఫ్‌లో ఇంటికి పోయేవాడు కనబడితే మూట ఇవ్వకుండా ఉండటం వాళ్ల చేత కాదు, ఉప్పు తిన్నాక వద్దనడం మన చేత కాదు. కున్‌ఫుదాలో టార్చిలైట్లు, సెంటు సీసాలు వచ్చి చేరాయి. ఎక్కడ పడుకున్నా ఊరికే పడుకున్నాం, లేచేసరికి సంచి బరువెక్కింది. మోసింది సగం నేనే.

అబహా కొండల మీద మౌలా సాహెబ్ టైలర్ షాపులో దిగాం. కర్నూలు మనిషి, బంగారం లాంటివాడు. అక్కడ కోతులు కుక్కలంత ఉన్నాయి. నా చేతిలో రొట్టె లాక్కున్న కోతి నన్నే కసిరింది. మబ్బు కిటికీలోంచి లోపలికొచ్చి కుట్టుమిషన్ మీద కూర్చుంది. వానకు తడిసి వచ్చిన మాకు పళ్లు కటకట కొట్టుకుంటున్నాయి. షాపులో ఉన్నది ఒక్కటే దుప్పటి, ముగ్గురం దాన్ని గుంజుకున్నాం.

"బ్లాంకెట్ తియ్యన్నా, సచ్చిపోతున్న" అన్నాను.

"అది పోచవ్వది" అన్నాడు వణుకుతూ.

పొద్దున మౌలా సాహెబ్ కూడా పెళ్లీడు కూతురికని బట్ట తాను ఇచ్చాడు.

సాగనంపడానికి జిద్దా దాకా పోయాను. విమానాశ్రయంలో సామాను తూచినవాడు తల అడ్డంగా ఊపాడు. బరువెక్కువని ఎక్కనియ్యడు, పైసలు కట్టే మొఖాలు కావు మావి. బాలన్న తన సబ్బులు తీశాడు. టాంగ్ షర్బత్ పొడి డబ్బాలు తీశాడు. కొత్త అంగీ కూడా తీశాడు. వాడు ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

"మునిస్వామి ఇస్త్రీపెట్టె తీసి అవతల పారెయ్!" అని అరిచాను.

"నమ్మి ఇచ్చిండు తమ్మీ. అన్నం పెట్టిండు" అన్నాడు బాలన్న. వంగి బ్లాంకెట్ తీసి నా చేతుల్లో పెట్టాడు. ముఖం ఇటు తిప్పలేదు. "నువ్వు వచ్చేటప్పుడు తేరా. జిప్పు తియ్యకు."

అబహా పక్కనే కొండల మీదున్న ఖమీస్ ముషైత్‌లో ఆ చలికాలమంతా ఎర్ర పూల బ్లాంకెట్ తలగడ పక్కన పెట్టుకుని, కోటు వేసుకుని పడుకున్నాను. రూములో వాళ్లు నాకు పిచ్చన్నారు. కాదనలేదు.

మరుసటి ఎండాకాలం సెలవు మీద ఊరికి పోయి, ఇంటి కంటే ముందు బాలన్న ఇంటికే వెళ్లాను. మునిస్వామి ఇస్త్రీపెట్టె కడప చేరిందట, బాలన్నే పోయి ఇచ్చొచ్చాడట. పోచవ్వ వదిన బ్లాంకెట్ ఒళ్లో పెట్టుకుంది, కానీ చూడలేదు. నన్నే అడుగుతోంది.

"మబ్బు ఇంట్లకే వస్తదట గదా తమ్మీ?"

"వస్తది వదినా."

"కోతులు కుక్కలంత ఉంటయట?"

"నా రొట్టె గుంజుకుంది."

"పండ్లు కటకట కొట్టుకునేంత సలట?"

"సచ్చిపోతమనుకున్నం."

అప్పుడు ఆమె చెయ్యి జిప్పు మీద ఆగింది. బ్లాంకెట్ కంపెనీ అంటించిన కాగితం కూడా చిరగలేదు. మొగుడిని చూసింది, నన్ను చూసింది.

"గిది పక్కన వెట్టుకొని కప్పుకోకుంట వణికిన్రా? మీ మొఖాలు మన్నుగాను, గింత తెలివి లేదార్రా!"

తిడుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. సర్రున జిప్పు లాగి, బ్లాంకెట్ దులిపి, బాలన్న భుజాల చుట్టూ కప్పేసింది.

మే నెల, మిట్టమధ్యాహ్నం. చెమటలు కారుతున్నా బాలన్న కిక్కురుమనకుండా కప్పుకుని కూర్చున్నాడు.