నేలమీది అంకె

నేను ఒక కనిష్ఠ ఉష్ణమాపకాన్ని. పేరు విని బెదిరిపోకండి. రాత్రి చలి ఎంతదాకా దిగిందో తెల్లారాక చెప్పే గాజుగొట్టాన్ని, అంతే. నిలబడే అలవాటు నాకు లేదు, పడుకునే పని చేస్తాను. పడుకుని జీతం తీసుకునేవాళ్లని చాలామందిని చూశాను గానీ, పడుకుని పని చేసేది నేనొక్కదాన్నేనని నా నమ్మకం.

నా కడుపులో ఎర్రరంగు కలిపిన సారా ఉంటుంది. ఆ సారాలో మునిగి ఒక సన్నటి నల్ల పుల్ల. చలికి సారా కుంచించుకుపోతూ ఆ పుల్లని తనతో వెనక్కి ఈడ్చుకుపోతుంది. పొద్దెక్కాక సారా మళ్లీ ముందుకి పాకుతుంది, పుల్లని మాత్రం అక్కడే వదిలేస్తుంది. పుల్ల ఆగిన చోటే ఆ రాత్రి కనిష్ఠం. నన్ను కాస్త వంచితే పుల్ల జారి సారా అంచుకి చేరుతుంది, కొత్త రాత్రికి నేను తయారు. మనుషులకి ఈ సదుపాయం లేదు. ఎటు వంచినా వాళ్లలో పాతవి జారవు.

ఉత్తరాదిలో ఏదో గాజు కార్ఖానాలో, నోటితో మంట ఊదే ఒక ముసలాయన చేతిలో పుట్టాను. అక్కణ్ణించి రైలెక్కి, కోస్తా జిల్లాలో ఒక కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబుకి వచ్చాను. ఉక్కపోతతో గోడలు కూడా చెమటలు కార్చే ఊరు అది. నా మీద సున్నాకి కింద కూడా గీతలున్నాయి, వాటి ముఖం అక్కడెవరూ చూడలేదు. పరీక్షలప్పుడు పిల్లలు నన్ను చూసి బొమ్మ వేసేవారు, మార్కులు వేయించుకునేవారు, వెళ్లిపోయేవారు. కొన్నేళ్లకి ల్యాబు ఖాళీ చేస్తూ విరిగిన స్టూళ్లతో కలిపి నన్ను పాతసామాన్ల వాడికి ఇచ్చేశారు. గాజు కాబట్టి జాగ్రత్తగా గోనెసంచిలో చుట్టాడు. అంత మర్యాద నాకు కాలేజీలో జరగలేదు.

ఆ కొట్లో నన్ను చూసి కళ్లు చెమర్చిన మనిషి పరదేశినాయుడు గారు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. అందరూ రిటైరయ్యాక ఆస్పత్రి దగ్గరగా ఉన్న ఇల్లు చూసుకుంటారు, ఈయన చలి దగ్గరగా ఉన్న ఇల్లు చూసుకున్నారు. లంబసింగి దాటి లోపలికి వెళ్తే కిత్తలపాడని ఒక చిన్న ఊరు. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం. అక్కడ ఇల్లు అద్దెకి తీసుకుని, భార్య ఇందుమతి గారిని, రెండు రజాయిలనీ వెంటబెట్టుకుని వచ్చేశారు. ఇందుమతి గారు ఎందుకొచ్చారని మీరడగవచ్చు. ఆవిడా అదే అడుగుతూ ఉంటారు.

నా కోసం నాయుడుగారు నాలుగువైపులా రెక్కల కిటికీలున్న తెల్ల పెట్టె చేయించారు. గుండెల ఎత్తున కర్రల మీద నిలబెట్టి, అందులో నన్ను పడుకోబెట్టారు. వాతావరణం లెక్కలు రాసేవాళ్లందరి పద్ధతీ అదేనట. ఎండ తగలకూడదు, నేల తగలకూడదు, గాలి మాత్రం ఆడాలి. పెళ్లికూతురికి కూడా ఇన్ని నియమాలుండవు.

ఇక ఆయనకో వాట్సాప్ గ్రూపు ఉంది. పేరు ‘చలిమిత్రులు’. అందులో ఎక్కువమంది విశాఖపట్నంలో ఏసీ గదుల్లో కూర్చుని చలిని ప్రేమించేవాళ్లు. అక్టోబరు రాగానే వాళ్లకి పూనకం వస్తుంది. ఈసారి సముద్రం చల్లబడే లానినా వచ్చేసిందని ఒకరు, వస్తానని చెప్పి ఆగిపోయిందని ఒకరు. హిమాలయాల మీంచి గాలి నేరుగా మనకే దిగుతుందని ఒకరు రంగురంగుల పటం పెడతారు. స్వెటర్లమ్మేవాళ్లు ఈసారి ముందే వచ్చారు, కాబట్టి చలి ఎక్కువని ఇంకొకరు. నాయుడుగారైతే ఏటేటా ఒకే మాట. “ఈ ఏడు మన కొండ మీద మంచు రాలుతుంది. నేను ఉండగా చూస్తాను.”

రాలడం అసాధ్యమని శ్రీవత్స అనే కుర్రాడు మర్యాదగా సర్దిచెప్పేవాడు. కంప్యూటర్ల ఉద్యోగం, పటాల పిచ్చి. మన దగ్గర ఆకాశం నుంచి రాలే మంచు ఉండదు సార్, ఆకాశం తేటగా ఉండి గాలి ఆగిన రాత్రి గడ్డి మీద మంచు గడ్డకడితే అదే మన అదృష్టం అనేవాడు. నాయుడుగారు దానికి బదులుగా దండం బొమ్మ పెట్టేవారు. అది ఒప్పుకున్న దండం కాదు.

ఇందుమతి గారికి గ్రూపు లేదు, వంటిల్లుంది. కొబ్బరినూనె పేరుకున్న రోజు చలికాలం మొదలు, పెరుగు తోడుకోని రోజు ముదిరినట్టు. ఈ రెంటికీ ఉపగ్రహాలు అక్కర్లేదని ఆవిడ అభిప్రాయం.

ఆ ఏడు డిసెంబరులో అరకు వైపు నుంచి ఒకాయన గ్రూపులో మా కంటే తక్కువ అంకె పెట్టాడు. నాయుడుగారు ఆ పూట ఇడ్లీ ముట్టలేదు. సాయంత్రం అటూఇటూ చూసి, నన్ను పెట్టెలోంచి తీసి, చొక్కా కింద దాచుకుని, పల్లంలోకి దిగారు. అక్కడ గెమ్మెలి చిలకమ్మ స్ట్రాబెర్రీ మడులున్నాయి. ఆ గట్టు గడ్డి మీద నన్ను పడుకోబెట్టారు. చల్లగాలి బరువైనది. కొండల మీంచి జారి పల్లంలోకే చేరుతుంది, నేలకి అంటుకుని ఉంటుంది. నా పుల్ల ఎన్నడూ చూడని గీతల వైపు నడిచింది. మర్నాడు అరకాయన నోరు మూతపడింది. ఇక రోజూ నా పడక అక్కడే.

ఇంట్లో ఇందుమతి గారు అంకె విని, తలుపు దగ్గర ఆయన చెప్పులకంటిన బురద చూసి, “ఫ్రిజ్‌లో పెట్టి చూసుకుంటే మే నెలలో కూడా రికార్డేనండీ,” అన్నారట. ఇది నాయుడుగారే దారిలో నాకు వినిపించేలా గొణుక్కున్నారు.

గడ్డి మీద పడుకున్నాకే నాకు చిలకమ్మ సంగతి తెలిసింది. అక్కడ ఆవిడ భర్త సోమన్నతో జరిగే వాదన రోజూ వింటూ ఉండేదాన్ని. ఆ ముక్క పొలాన్ని గుడారాలు వేసుకోడానికి అద్దెకిమ్మని నర్సీపట్నం నుంచి ఒకాయన తిరుగుతున్నాడు. చలి చూడ్డానికి వచ్చే జనానికి అందులో బస. సోమన్నకి ఇచ్చెయ్యాలనే ఉంది. చిలకమ్మ ఒక్క పంట అడిగింది. మొదటి పూత నిలబడి కాయైతే పొలం తనది, మాడిపోతే గుడారాలది. మాట మాటేనన్నాడు సోమన్న. చెడ్డవాడు కాదు. పొద్దున్నే లేచి నీళ్లు పెట్టేది అతనే. మొక్కని నమ్మలేడు, గుడారం మేకుని నమ్మగలడు, అంతే.

ఆ పూత తెల్లగా, మధ్యలో పసుప్పచ్చ బొట్టుతో, నేలకి జానెడు ఎత్తున ఉంటుంది. మంచు గడ్డకడితే ఆ బొట్టు నల్లబడుతుంది. ఆ పువ్వు ఇక కాయ కాదు. సాయంత్రమే గడ్డి, పాత టార్పాలిన్లు కప్పి పొద్దున్న తీసేస్తే బతుకుతుంది. అయితే రోజూ కప్పితే చెమ్మకి కుళ్లుతుంది, తియ్యడం ఆలస్యమైతే తేనెటీగలు తిరిగిపోతాయి. ఏ రాత్రి కప్పాలన్నదే ప్రశ్న. మన నాయుడుగారు చలిలో పండినవారని ఊరంతా అనుకుంటారు కదా, చిలకమ్మ ఆయన్నే అడిగేది.

“బాబూ, ఇయాల మంచు కడతాదా?”

“ఖాయం. రాసిపెట్టుకో.”

ఆయన అబద్ధమాడలేదు. ఆశని అంచనా అనుకున్నారు. రాత్రి మబ్బు పట్టేది, ఏమీ పడేది కాదు. చిలకమ్మ మళ్లీ గడ్డి తీసేది. మర్నాడు మళ్లీ ఖాయం. ఒక మడిలో పూలు చెమ్మకి మెత్తబడి కుళ్లాయి. అవి చూసి సోమన్న, ఆ ముసిలాయన మాట విని ఇంకోసారి కప్పేది నేదని తేల్చేశాడు.

ఇంతలో శ్రీవత్స గ్రూపులో నన్ను పెట్టిన చోటు ఫొటో అడిగాడు. నాయుడుగారు నన్ను దగ్గరగా తీసి పంపారు. కాసేపటికి జవాబొచ్చింది. “చాలా బాగుంది సార్. పెట్టెలో స్ట్రాబెర్రీ ఆకు కూడా మొలిచినట్టుంది.”

గ్రూపు నవ్వింది. అరకాయన మరీ నవ్వాడు. నాయుడుగారు నన్ను తెచ్చి పెట్టెలో పడేసి, ఫోను బియ్యం డబ్బా మీద పెట్టి, మఫ్లరు ముఖం దాకా లాక్కుని పడుకున్నారు. చిలకమ్మ వస్తే ఒంట్లో బాగోలేదని చెప్పించారు. కొన్నాళ్లు గడిచాయి. ఇందుమతి గారు చూసి చూసి, ఒక మధ్యాహ్నం పెట్టె తలుపు తీసి నన్ను చేతిలోకి తీసుకున్నారు.

“ఎక్కడికి?” అన్నారు నాయుడుగారు మఫ్లర్లోంచి.

“పనున్న చోటికి. చిలకమ్మ పూలు గుండెల ఎత్తున పెట్టెలో పూయలేదు కదండీ, నేలమీద పూశాయి. మీ గొప్పకి అది దొంగ అంకే. ఆ పూలకి మాత్రం అదే సరైన అంకె.”

ఈ మాట ఇన్నేళ్లలో నా గురించి ఎవరూ అనలేదు. నాయుడుగారు లేచి కూర్చున్నారు. కాసేపు మఫ్లరు మడతపెట్టారు, విప్పారు. తర్వాత చెప్పులేసుకుని భార్య వెనకాలే బయల్దేరారు. ఇందుమతి గారు నన్ను చిలకమ్మ మడిలో, పూల పక్కనే, రెండు కొయ్యముక్కల మీద పడుకోబెట్టారు. పుల్లకి ఏ కొస చూడాలో, నన్ను ఎలా వంచాలో నాయుడుగారు నేర్పారు. ఈసారి రికార్డు మాట ఎత్తలేదు.

జనవరి మొదట్లో ఒక సాయంత్రం. రెండు రోజులు కురిసిన ముసురు వెలిసి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఆకు కదలడం లేదు. పొద్దు ఇంకా కొండ వెనక్కి పూర్తిగా దిగనేలేదు, నా సారా అప్పుడే గబగబా వెనక్కి పోతోంది. సెలవు పెట్టుకుని చలి చూడ్డానికి శ్రీవత్స ఆవేళే వచ్చాడు, కొత్త చేతితొడుగులతో సహా. నాయుడుగారూ ఇందుమతి గారూ అతన్ని మడి దగ్గరికి తీసుకొచ్చారు. గుడారాలాయన కూడా వచ్చి గట్టు మీద అడుగులు వేసి కొలుచుకుంటున్నాడు. సోమన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గడ్డి మోపులు ముట్టుకోలేదు. నిండా పూత మీదుంది చేను. ఇది పోతే మళ్లీ పూత కోసం ఆగే ఓపిక ఆ ఇంట్లో లేదు.

చిలకమ్మ నన్ను చూసింది, ఆకాశాన్ని చూసింది, నాయుడుగారిని చూసింది.

“బాబూ, ఇయాల?”

నాయుడుగారు వంగి నన్ను చూశారు. ఆయన ఇన్నాళ్లూ కలలుగన్న సాయంత్రం అది. అయినా నోటిదాకా వచ్చిన మాట మింగారు. శ్రీవత్స వైపు చూశారు. ఆ కుర్రాడు ఫోనులో పటం చూసి, పటంలో ఈ పల్లం లేదు సార్ అన్నాడు మెల్లిగా.

“తెలీదమ్మా,” అన్నారు నాయుడుగారు. “గాలి రాకపోతే కట్టొచ్చు. మబ్బు వస్తే ఏమీ ఉండదు. నిజంగా తెలీదు.”

సోమన్న చిన్నగా నవ్వాడు. అదిగో, ఆయనకే తెలీదట అన్నట్టు.

చిలకమ్మ కొంగు నడుముకి బిగించింది. “ఇన్నాల్లూ తెల్సు తెల్సన్నాడు, ఏటీ పడనేదు. ఇయాల తెలీదంతన్నాడు. కప్పేద్దాం.”

ముందు ఇందుమతి గారు ఒక మోపు విప్పారు. తర్వాత నాయుడుగారు. శ్రీవత్స చేతితొడుగులు గడ్డిలో ఎక్కడో పోగొట్టుకున్నాడు. అందరూ వంగి ఉంటే నిటారుగా నిలబడ్డం కష్టమనిపించి కాబోలు, సోమన్న టార్పాలిన్ రెండో కొస పట్టుకున్నాడు. గుడారాలాయన కాసేపు చూసి, ఫోను మోగినట్టు నటిస్తూ వెళ్లిపోయాడు. అంచు వరసకి వచ్చేసరికి గడ్డి అయిపోయింది. ఆ వరసని అలాగే వదిలేశారు. నన్నూ ఆ వరసలోనే పైకి కనబడేలా ఉంచారు.

రాత్రి సంగతి నన్నడక్కండి. నా పుల్ల సున్నా దాటి కిందికి వెళ్లింది. ఆ గీతల మీద మొదటిసారి నడుస్తూ అది ఎంత గర్వపడిందో నాకే తెలుసు.

తెల్లారేసరికి పల్లమంతా తెల్లగా ఉంది. గడ్డి మీద, టార్పాలిన్ మీద, సోమన్న మర్చిపోయిన తువ్వాలు మీద ఉప్పు చల్లినట్టు మంచు. నాయుడుగారు గట్టు మీద నిలబడిపోయారు. ఆయన కోసం ఆకాశం నుంచి రాలలేదు గానీ, ఆయన పాదాల దగ్గర ఉంది. వేలితో తాకి చూసి, చలిమిత్రులకి ఫొటో తియ్యడం మర్చిపోయి, ముందు చిలకమ్మ వైపు చూశారు.

ఎండ పడేదాకా ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత గడ్డి పక్కకి తోసింది. పువ్వు మధ్య పసుప్పచ్చ బొట్టు అలాగే ఉంది. పక్క మొక్కకీ, దాని పక్క మొక్కకీ. కప్పని అంచు వరసలో మాత్రం అన్నీ నల్లబొట్లే. సోమన్న రెండు వరసల మధ్యా గొంతుక్కూర్చుని అటూఇటూ చూశాడు. లేచి, తీసిన గడ్డి ఎండలో పరవడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆరాలి కదా.

శ్రీవత్స గ్రూపులో రెండు అంకెలు పెట్టాడు. ఇంకో ఉష్ణమాపకాన్ని తెచ్చుకున్నాడు లెండి, పెట్టెలోది దానిది. నాది కింద విడిగా, ‘నేలమీద, పూల పక్కన’ అని. అరకాయన ఇదేం కొలతని అడిగాడు. నాయుడుగారు ఓపిగ్గా వివరించారు. ఈసారి దండం బొమ్మ పెట్టలేదు.

కాయలు వచ్చాయి. ఎర్రగా, నా సారా కంటే ఎర్రగా. గుడారాలాయన ఇంకో ఊళ్లో చోటు చూసుకున్నాడు.

ఇప్పుడు మళ్లీ అక్టోబరు. గ్రూపులో లానినా ఉందా లేదా అని కొట్టుకుంటున్నారు. ఈ ఏడు రాలుతుందనే నాయుడుగారి పాట, కాకపోతే చివర్లో ‘చూద్దాం’ అనే మాట ఒకటి చేరింది. చిలకమ్మ పాత మొక్కల తీగలు నాటి మడులు పెంచింది. నేను పాత కొయ్యముక్కల మీదే ఉన్నాను. నా గీతలు కొంచెం చెరిగాయి, చూపు బాగానే ఉంది.

నిజం చెప్పాలంటే నాకు రేపటి సంగతి ఏమీ తెలీదు. నా పుల్ల గడిచిన రాత్రినే చూపిస్తుంది. అయినా పొద్దువాటారే వేళ సోమన్న గట్టు దిగి వస్తాడు. ఎవరూ చూడ్డం లేదనుకుని నా పక్కన వంగి, పుల్లకి తప్పు కొస చూసి, లెక్క తప్పుగా గొణుక్కుని, లేచి గడ్డి మోపులు ఎన్నున్నాయో చూసుకుని వెళ్తాడు. సరిదిద్దడానికి నాకు నోరు లేదు. అవసరమూ లేదనుకోండి, ఆ మోపులు ఇప్పుడు నిరుటి కంటే ఎక్కువే ఉన్నాయి, అంచు వరసకి కూడా సరిపోయేటన్ని.