జాజు పెట్టిన ఫ్యూజు

జంగప్ప డబ్బా మూగబోయిన పొద్దున తాండూరులో కరెంటు పోలేదు. ఎదురింటి వసారాలో కరెంటుబుగ్గ వెలుగుతూనే ఉంది. స్టేషను పక్క పిండిగిర్ని తిరుగుతూనే ఉంది. ఈయన మాత్రం మీట పైకీ కిందికీ నాలుగుసార్లు కొట్టి, డబ్బా ముఖాన ఉండే చిన్న ఎర్రబుగ్గ వెలగకపోయేసరికి, చేతిలో మైకు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు.

ఊరందరి రేడియోలు బాగుచేసే మనిషి. బొంరాస్‌పేట దిక్కు గొర్లు కాసే ఇంట్లో పుట్టి, నాయిన చేతికర్ర తమ్ముడికి అప్పజెప్పి, హైదరాబాదులో ఒక రేడియో మేస్త్రీ దగ్గర ఆరేళ్లు పని నేర్చుకుని వచ్చాడు. తాండూరు స్టేషను రోడ్డులో ముందుగది దుకాణం, వెనకగది కాపురం. ఎవరి రేడియో పాడైనా నిమ్మళంగా బీడీ ముట్టించుకుని పనిలో దిగుతాడు. ఈ డబ్బా సంగతి వేరు. ఇది ఎంకమ్మ చెవి.

రెండేళ్ల కింద ఆయన భార్య ఎంకమ్మకు క్షయ పట్టింది. వికారాబాదు కొండ మీది దవాఖానాలో పద్నాలుగు నెలలు ఉంది. సూదులు మొదలుపెట్టే ముందు డాక్టరు జంగప్పను వరండాలోకి పిలిచి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. ఈ మందుతో ప్రాణం నిలుస్తుంది, కానీ కొందరికి చెవులు పోతాయి, బాగా ఆలోచించుకొమ్మన్నాడు. జంగప్ప ఆలోచించుకోలేదు. లోపల మంచం మీద ఉన్న ఎంకమ్మను అడగనూ లేదు. "పానమే గావాలె సారూ" అన్నాడు.

ప్రాణం నిలిచింది. దగ్గు పోయింది, బుగ్గలు నిండాయి. చెవులు మాత్రం ఇల్లు చేరాక కొద్దికొద్దిగా ఎండిపోతూ వచ్చాయి. మొదట చూరులో పిచ్చుకలు పోయాయి. తర్వాత పొయ్యి మీద కందిపప్పు ఉడికే చప్పుడు పోయింది. చివరికి పక్కన నిలబడి అరిచినా "ఏందీ?" అనే దాకా వచ్చింది. అప్పుడు జంగప్ప పాత రేడియో ట్రాన్స్‌ఫార్మరు ఒకటి, నాలుగు వాల్వులు, పెళ్లిళ్లలో వాడి పారేసిన స్పీకరు ఒకటి పోగుచేసి, మంచి చెక్కపెట్టెలో ఈ ఆంప్లిఫయరు కట్టాడు. ఎంకమ్మ దానికి పెట్టిన పేరు డబ్బా.

రోజూ పొద్దున స్టేషను దగ్గర చాయ తాగొచ్చి ఆయన మైకు ముందు కూర్చునేవాడు. ఆమె స్పీకరు చెక్కకు చెంప ఆనించేది. ఊళ్లో సంగతులన్నీ చెప్పేవాడు. ఆఖరుకు, చిన్నప్పుడు మందను మలపడానికి నాయిన పెట్టే కేక ఒకటి పెట్టేవాడు: "ట్రుర్ర్ర్... హోయ్!"

"నేనేమన్న గొర్రెనా?" అని ఎంకమ్మ పడిపడి నవ్వేది. ఆ నవ్వుతో ఆయనకు పొద్దు పొడిచేది.

డబ్బా మూగబోవడానికి ముందురోజు ఒక చిన్న సంగతి జరిగింది. జంగప్ప మైకులో, "మీ తమ్మునికి జరమొచ్చిందట, మంచం మీదికెల్లి లేస్తలేడట" అన్నాడు. ఎంకమ్మ పడిపడి నవ్వింది.

"జరమొస్తే నవ్వుతవేందే, పిచ్చిదానా?"

ఆమె ఆయన ముఖం వంక చూసింది. నవ్వు ఆగిపోయింది. పొయ్యి మీద రొట్టె మాడుతోందని లేచిపోయింది. స్పీకరులో ఏదో గరగర ఉంటుందని జంగప్ప అప్పటికి సర్దుకున్నాడు.

తెల్లారి ఇదీ కథ. ఆయన వరస ప్రకారం మొదలుపెట్టాడు. గోడ మీది ప్లగ్గులో పరీక్ష బుగ్గ పెట్టి చూశాడు, వెలిగింది. తీగ ఎక్కడైనా తెగిందేమోనని బెత్తెడు బెత్తెడు వంచి చూశాడు, బాగుంది. మీట విప్పి చూశాడు, బాగుంది. డబ్బా వెనక మూత తిప్పి ఫ్యూజు తీశాడు. చూపుడువేలి గోరంత గాజుగొట్టం, రెండు కొసలకూ ఇత్తడి టోపీలు, మధ్యన వెంట్రుకంత తీగ. వెలుగుకు పట్టి చూస్తే ఆ తీగ తెగి ఉంది.

"గింతేనా!" అని కొత్త ఫ్యూజు వేశాడు. ఎర్రబుగ్గ వెలిగింది.

కాలిన ఫ్యూజును పారేయడం జంగప్ప ఇంటా వంటా లేదు. తీరిక దొరికినప్పుడు లోపల సన్నతీగ ఎక్కించుకోవచ్చని దాచేవాడు. మంచివాటిలో కలవకుండా దానికో గుర్తు పెట్టేవాడు. మందలో తీసెయ్యవలసిన గొర్రె నుదుట వాళ్ల నాయిన ఎర్రజాజు మట్టితో బొట్టు పెట్టేవాడు. కొడుకు ఆ జాజే చిప్పలో తడిపి పెట్టుకుని, పనికిరాని ప్రతి ఫ్యూజు టోపీకీ, చచ్చిన ప్రతి వాల్వుకూ ఒక చుక్క అద్ది, పొగాకు డబ్బీలో పడేసేవాడు. ఈ ఒక్కటి మాత్రం ఎందుకు కాలిందో చూద్దామని బల్ల మీదే ఉంచాడు.

రెండు రోజులు గడిచాయి. మూడోనాడు చాయ తాగొచ్చి మీట వేస్తే మళ్లీ చీకటి. మళ్లీ ఫ్యూజే. ఈసారి గాజు లోపలంతా మసి. అంటే ఎక్కడో రెండు తీగలు కలుస్తున్నాయి. దుకాణానికొచ్చిన రేడియోలన్నీ పక్కకు నెట్టి డబ్బా విప్పాడు. కండెన్సర్లు మార్చాడు. వాల్వులు ఒక్కొక్కటీ తీసి వేరే రేడియోలో పెట్టి చూశాడు. ట్రాన్స్‌ఫార్మరుకు ముక్కు ఆనించి వాసన చూశాడు. ఏ రోగమూ చిక్కలేదు.

ఆ పూటే కరెంటు లైన్ల మీద పనిచేసే నర్సింహులు వచ్చాడు. జంగప్పకు చిన్ననాటి దోస్తు, నోరు ఊరుకోదు.

"ఏమన్నా, ఊరందరి డబ్బాలకు మందులిస్తవు, నీ ఇంట్ల డబ్బాకే దిష్టి తాకిందా?"

"నీ కరెంటే జర ఎక్కువ తక్కువ అయితున్నదిరా. గందుకే ఫ్యూజు కొడుతున్నది."

"నా కరెంటును ఒక్క మాటనకు! గిర్నోడు ఏమంటలేడు, సిన్మాటోడు ఏమంటలేడు. నీ ఒక్కని డబ్బాకే ఎదురొచ్చి కొడుతున్నదా? మీటరు వెట్టి జూస్కో."

మీటరు పెట్టి చూశారు. కరెంటు సరిగ్గానే ఉంది. నర్సింహులు మీసం దువ్వుకుని వెనకగదిలోకి తొంగి చూశాడు. "వదినా, పానం మంచిగున్నదా?" అని కేకేశాడు.

"రొట్టెలైనయి, తిని పో" అంది ఎంకమ్మ.

"నేనడిగిందేంది, వదిన చెప్పిందేంది! పోనీ, నాకు లాభమే గద" అని నర్సింహులు పీట వాల్చుకున్నాడు.

"డబ్బా లేకుంటె గింతేరా" అన్నాడు జంగప్ప. "డబ్బా పలికిందంటే అన్నీ ఇంటది. నా మాట ఆమెకు అందాలె. గా పని అయ్యేదాక నాకు బువ్వ సయించది."

ఎంకమ్మ ఇద్దరి నోళ్ల వంకా మార్చిమార్చి చూసి, నర్సింహులు ముందర జొన్నరొట్టె పెట్టింది. అతను నవ్వుతున్నాడు గనక తనూ నవ్వింది.

ఆ సాయంత్రం ఇంకో కొత్త ఫ్యూజు వేసి డబ్బా బిగించాడు. మర్నాడు అదీ పోయింది. జంగప్ప దాన్ని మునుపటి రెండింటి పక్కన పెట్టాడు. ఫ్యూజు ఎట్లా కాలిందో చూస్తే యంత్రానికి వచ్చిన కష్టమేమిటో తెలుస్తుందని హైదరాబాదు మేస్త్రీ చెప్పేవాడు. ఒకటి తీగ ఊరికే తెగింది. ఇంకొకటి మసిబారింది. మూడోది తీరా చూస్తే అసలు ఆ డబ్బాకు వేసే ఫ్యూజే కాదు, చిన్న రేడియోలకు వేసే సన్నరకం. నిన్న తన చేత్తో వేసింది పెద్దది. ఒకటే జబ్బు మూడు తీర్ల ఎట్లా కనబడుతుంది?

ఇత్తడి టోపీ అంచులో గోరు పెట్టి గీశాడు. గోటి కింద ఎర్రగా వచ్చింది.

మిగతా రెండూ గీశాడు. వాటి అంచుల్లోనూ జాజు ఉంది. ఎవరో తడిబట్టతో తుడిచారు, అంచులోకి వేలు పోక అంతే మిగిలింది.

పొగాకు డబ్బీ అందుకున్నాడు. మూత మీద జొన్నపిండి అంటిన వేలిముద్ర.

జంగప్ప ఆ డబ్బీ ఒళ్లో పెట్టుకున్నాడు. తమ్ముడికి జ్వరమంటే నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఆమె ఎన్నాళ్లుగా ఆయన గొంతుముడి ఆడటం చూసి నవ్వుతోందో, ఎన్నాళ్లుగా చెంప కింద చెక్క అదరడాన్ని బట్టి "ఆఁ" కొడుతోందో! చెవి చచ్చిపోయిందని తెలిస్తే ఈయన ఏమైపోతాడోనని, డబ్బానే చచ్చినట్టు చూపిస్తోంది. తను చాయకు పోయినప్పుడు మంచి ఫ్యూజు తీసి, ఈ డబ్బీలోని చచ్చినదాన్ని తుడిచి పెట్టడం.

లేచి మంచి ఫ్యూజు వేశాడు. ఎర్రబుగ్గ వెలిగింది. ఎంకమ్మను రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె ఎర్రబుగ్గ వంక చూసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెల్లగా వచ్చి, స్పీకరుకు చెంప ఆనించింది. జంగప్ప మైకు తీసుకుని గోడవైపు తిరిగాడు. ముఖం ఆమెకు కనబడదు.

"ఎంకా" అన్నాడు. గది దద్దరిల్లింది. "ఆనాడు నిన్నడగలే. పానమే గావాలన్న. నిన్నడగకుంట చెప్పిన. తప్పయిందా?"

రోడ్డు మీద మొక్కజొన్న బస్తా మోసుకుపోతున్న మనిషి ఆగి లోపలికి తొంగి చూశాడు.

చెక్క అదరడం ఆగాక ఎంకమ్మ చెంప తీసింది. "ఆఁ, ఇనవడ్తున్నది" అంది గట్టిగా. "మంచిగ ఇనవడ్తున్నది. నేనేమన్న గొర్రెనా?" అని నవ్వింది.

జంగప్ప గోడవైపే ఉండి కళ్లు తుడుచుకున్నాడు. మీట కట్టేశాడు. బల్ల కింది చిప్పలో ఎండిపోయిన జాజు మీద నాలుగు నీళ్లచుక్కలు చల్లి, వేలితో కలిపి, డబ్బా ముఖాన, ఎర్రబుగ్గకు పైన, ఒక బొట్టు పెట్టాడు.

ఎంకమ్మ ఆ బొట్టు చూసింది. ఆమెదీ గొర్లు కాసిన ఇల్లే, బొట్టుకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. బల్ల మీద వరసగా పెట్టిన మూడు ఫ్యూజులూ చూసింది. నవ్వు ముఖం మీదే ఉండి ఉండి కరిగిపోయింది. దగ్గరికొచ్చి, జాజు అంటిన ఆయన వేలిని కొంగుతో తుడిచింది. ఆ కొంగు మీద అప్పటికే మూడు ఎర్రమరకలున్నాయి.

తర్వాత కొంగుముడి విప్పి, లోపలి నుంచి మెరిసే ఫ్యూజులు మూడు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"గివి మంచియే" అంది. తన గొంతు తనకు వినబడదు గనక అరిచినట్టే అంది. "ఎవరి డబ్బాకన్న పనికొస్తయి. దాచిపెట్టు."