జూలైలో రాసిన పరీక్ష

ఓరిన్ బాబినో పదకొండేళ్లుగా చేస్తున్న ఉద్యోగం ఒక్కటే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో, బంతి విసిరే తన క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికొచ్చే మూడొందల పౌండ్ల మనిషికి అడ్డంగా నిలబడడం. బంతిని ముట్టుకునే పనే లేదు. అతను సరిగ్గా ఆడినంతకాలం స్టేడియంలో ఎవరికీ అతని పేరు పట్టదు. ఒక్క తప్పు చేస్తే మాత్రం రిఫరీ మైకులో అరవై ఆరో నంబరు అని చదివి డెబ్బై వేలమందికి పరిచయం చేస్తాడు. ఇందుకు ఓరిన్ ఏనాడూ గింజుకోలేదు. వంకరపోయిన వేళ్లకు టేపు చుట్టుకుని, ఆరు గుడ్లు లాగించి, పనిలోకి దిగేవాడు.

పోయిన ఆదివారం ఆటలో ఏదో జరిగింది. ఏం జరిగిందో అతనికి వీడియో చూస్తేగాని తెలియలేదు. ఎవరిదో మోకాలు అతని హెల్మెట్‌కు తగిలింది. అతను లేచి, దుమ్ము దులుపుకుని, నింపాదిగా వెళ్లి అవతలి జట్టువాళ్ల గుంపులో నిలబడ్డాడు. ఆ వీడియో చూసి గదిలో జట్టువాళ్లందరూ పడీపడీ నవ్వారు. ఓరిన్ కూడా నవ్వాడు. తెర మీద ఉన్నది తానేనని వాళ్లు చెప్పారు కాబట్టి నమ్మాడు.

గురువారం జట్టు డాక్టర్ సిగ్రిడ్ హాల్వర్సన్ అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద కొన్ని మాటలు, కొన్ని బొమ్మలు వస్తాయి. కాసేపటికి వాటిలో ఏవి చూశావో చెప్పాలి. జూలైలో శిబిరం మొదలవగానే జట్టంతా ఈ పరీక్ష రాస్తుంది. తలకు దెబ్బ తగిలినవాడు మళ్లీ రాయాలి. రెండుసార్లూ మార్కులు దగ్గరగా వస్తే ఆట, లేకపోతే విశ్రాంతి. వచ్చే ఆదివారం ప్లేఆఫ్, ఓడితే ఇంటికే. ఇన్నేళ్లలో ఓరిన్‌కు ఇదే మొదటిది. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఒక్కో మాటా పెదాలతో పలుక్కుంటూ రాశాడు.

"జూలైలో అరవై రెండు, ఇవాళ అరవై మూడు. మీ బుర్ర భేషుగ్గా ఉంది, ఆడుకోండి," అంది డాక్టర్.

ఓరిన్ ఆ రెండు అంకెలూ మళ్లీ చెప్పించుకున్నాడు. జూలైలో అతను కావాలని తప్పులు రాశాడు. లైన్‌లో, అంటే ముందు వరసలో ఆడేవాళ్ల పాత ఉపాయమే అది. ముందే మార్కులు తగ్గించుకుంటే, రేపు దెబ్బ తగిలినా తేడా కనబడదు. ప్రతి మూడో జవాబూ తెలిసి తెలిసి తప్పు నొక్కడం అతనికి బాగా గుర్తుంది. మరి ఇవాళ అంత కష్టపడి రాసినా అవే మార్కులా?

మలకై టుఫెలే దగ్గరికి వెళ్లాడు. బంతి అందించే సెంటర్ అతనే. ఎనిమిదేళ్లుగా ఓరిన్ ఎడమ పక్కన ఆడుతున్నాడు, జూలైలో పక్క కుర్చీలోనే పరీక్ష రాశాడు. ఓరిన్ గొంతు తగ్గించి అంతా చెప్పాడు. మలకై అతన్ని ఎగాదిగా చూశాడు.

"తప్పులు రాసింది నువ్వు కాదురా, నేను. మీ ఆవిడ జోలీన్‌కి మాటిచ్చానంటూ, దొంగపని చెయ్యనని నాకే క్లాసు పీకావు."

"ప్రతి మూడోదీ తప్పు కొట్టాను కదరా."

"ఆ ఉపాయం నీకు చెప్పింది నేనే. విన్నావు, చెయ్యలేదు. పోయి పడుకో. ఆదివారం నా తొడ మీద నువ్వే చరవాలి."

స్టేడియం హోరులో క్వార్టర్‌బ్యాక్ కేక వినబడదు. ఓరిన్ వెనక్కి చూసి, సైగ అందుకుని, మలకై తొడ మీద చరుస్తాడు; అప్పుడు బంతి కదులుతుంది. ఓరిన్ బదులు దిగేవాడు నిన్నగాక మొన్న వచ్చినవాడు. కాబట్టి మలకై అబద్ధమాడడానికి కారణం ఉంది. ఓరిన్ తన భార్య జోలీన్‌కు ఫోను చేశాడు. మాట ఇచ్చిన సంగతి నిజమేననీ, నిలబెట్టుకున్నాడో లేదో తనకేం తెలుసుననీ ఆమె విసుక్కుంది.

ఓరిన్ కారులో కూర్చుని తల పట్టుకున్నాడు. మలకై చెప్పింది అబద్ధమైతే, తన బుర్ర నిజంగానే మందగించింది. నిజమైతే మార్కులకేం ఢోకా లేదు, కానీ చెయ్యని పని చేసినట్టు గుర్తుంది. ఎటు తిప్పినా ఏదో ఒకటి పోయింది. ఏది పోయిందో తేల్చుకోలేక అతనికి ఏడుపొచ్చింది. కారు దిగి, మళ్లీ డాక్టర్ తలుపు తట్టాడు.

"జూలైలో సరిగ్గా రాశానో, తప్పు రాశానో నాకు తెలియట్లేదు డాక్టర్," అన్నాడు.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. ఆడడానికి వీల్లేదని కాగితం రాసింది.

ఆదివారం ఓరిన్ కోటు వేసుకుని మైదానం గీత బయట నిలబడ్డాడు. కొత్తవాడు మలకై తొడ మీద చరిచినప్పుడల్లా ఓరిన్ చెయ్యి తన తొడ మీదే పడింది. జట్టు ఓడిపోయింది. ఆట అయ్యాక మలకై బురద కొట్టుకుని వచ్చి పక్కన చేరాడు.

"గురువారం నువ్వు చెప్పింది నిజమేనా? ఇప్పుడైనా చెప్పు," అన్నాడు ఓరిన్.

"గురువారమా? ఏం చెప్పాన్రా?"

ఓరిన్ ఆ ముఖంలో కొంటెతనం కోసం వెతికాడు. లేదు. మలకై నిజంగానే అడుగుతున్నాడు. జూలైలో తప్పులు రాసింది తానేనని అతను స్వయంగా చెప్పాడు. ఆ తక్కువ మార్కులతో పోలిస్తే, అతనికి ఎన్నిసార్లు పరీక్ష పెట్టినా బుర్ర భేషుగ్గానే ఉందని వస్తుంది. ఓరిన్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని డాక్టర్ గది వైపు నడిపించాడు.