పదమూడో మెట్టు

ఆ పేట వంతెన మీద ఎవరూ కిందికి చూసి నడవరు. ఎక్కడానికి పన్నెండు మెట్లు, దిగడానికి పన్నెండు. కాళ్ళకే లెక్క తెలుసు. మెట్లు చూసుకుంటూ ఎక్కితే పరాయివాళ్ళన్నమాట. అబద్ధం మోసుకెళ్ళేవాళ్ళకి మాత్రం అక్కడ ఒక మెట్టు ఎక్కువొస్తుంది. తూలతారు. చూసినవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. వెనిస్‌లో అదేమంత వింత కాదు.

పడవల తెడ్లు చెక్కే నానె పది రోజులుగా తూలుతున్నాడు. "కొట్టుకి వెళ్తున్నా" అని పెళ్ళాం ఓర్సొలాతో చెప్పి బయల్దేరతాడు, వంతెన మీద బోర్లా పడబోతాడు. సాయంత్రం ఓర్సొలా అతని చొక్కా విదిలిస్తే ఒక్క చెక్కపొట్టు రాలదు.

"పదమూడో మెట్టు ఊరికే రాదే పిచ్చిదానా," అంది ఎదురింటి కతీనా, కిటికీలో బట్టలు ఆరేస్తూ. "అవతలి ఒడ్డున ఎవత్తో ఉంది."

ఓర్సొలా అతని జేబులు వెతికింది. మెడ దగ్గర వాసన చూసింది. ఏదో ఘాటుగా తగిలింది. అది ఆ ఎవత్తో పూసుకునే అత్తరేనని తేల్చేసుకుంది. అనుమానం వచ్చాక ముక్కు కూడా సాక్ష్యం చెబుతుంది.

పదకొండో రోజు పొద్దున్నే సంచి సర్దింది.

"మా అక్క దగ్గరికి పోతున్నా. నువ్వుంటే ఎంత, లేకుంటే ఎంత! నీ మీద నాకు ఇసుమంత ప్రేమ కూడా లేదు," అని గుమ్మంలో అరిచి వంతెన ఎక్కింది. పన్నెండు అయ్యాయి, ఇక చదునే అనుకుని కాలు వేసింది. పదమూడో మెట్టు తన్నుకుని ముందుకు పడింది. సంచిలో బట్టలు చెల్లాచెదురయ్యాయి.

నానె పరుగెత్తుకొచ్చి లేవదీశాడు. ఆమె మోచెయ్యి పట్టుకున్న చెయ్యి గడగడా వణుకుతోంది.

"ఏంటయ్యా ఈ చెయ్యి?"

"నెలయింది. ఉలి నిలవట్లేదు. పది రోజులుగా అవతలి ఒడ్డున ఆసుపత్రికే పోతున్నా. మెడకీ చేతికీ ఏదో ఘాటు మందు పూస్తున్నారు. తెడ్డు చెక్కలేని మొగుడు నాకెందుకు అంటావేమోనని..."

"దిక్కుమాలిన మనిషీ! ఎవత్తో ఉందని ఏడ్చి చచ్చాను కదయ్యా!" ఆమెకి మళ్ళీ ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది.

కతీనా కిటికీలోంచి సగం బయటికి వంగింది. "ఎక్కడికే, ఇద్దరూ కలిసి?"

చెయ్యి వణుకుతోందని మాట పొక్కితే ఈ ఊళ్ళో నానె దగ్గర ఎవరూ తెడ్డు చేయించుకోరు. ఓర్సొలా ఆ చేతిని తన శాలువా కిందికి లాక్కుంది.

"చేపల బజారుకి," అంది.

తరవాత ఇద్దరూ పరాయివాళ్ళలా కాళ్ళకేసి చూసుకుంటూ, పదమూడు మెట్లూ నెమ్మదిగా దిగారు.