అపా కోజెకి ఉప్పు

కొత్త సంవత్సరపు నౌరిజ్ పండగ రేపనగా మా అత్తగారు కోజె, అంటే గోధుమలూ మాంసమూ ఉడికించి పెరుగు కలిపే పండగ జావ, ఉన్న కుండలో గరిటె ముంచి, రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని, పెదాలు చప్పరించి, "ఆఁ, సరిపోయింది" అంది. ఆవిడ దుప్పట్లు ఎండలో వెయ్యడానికి పెరట్లోకి వెళ్ళగానే నేనూ ఒక చెంచాడు తీసుకున్నాను. పెద్దవాళ్ళకంటే ముందు కోడలు రుచి చూడకూడదు, నిజమే, కానీ ఆవిడ చూసేసింది కదా ఇంకేం అడ్డు అనుకున్నాను. మింగలేకపోయాను. అది కోజె కాదు, ఎండాకాలంలో ఉప్పు సరస్సు ఎండిపోయాక అడుగున మిగిలే తెల్ల పెచ్చు కరిగించి పోసినట్టుంది.

మొదట నా నోరే పాడయిందనుకున్నాను. ఇంకో చెంచా తీసుకున్నాను. అదే ఉప్పు.

నేను కజకస్తాన్ ఉత్తరాన పావ్లొదార్ పట్నం పిల్లని. మా అమ్మకి ఆఫీసు, మాకు అపార్ట్‌మెంటు, నౌరిజ్ వస్తే కొట్లో ప్లాస్టిక్ సీసాలో కోజె కొనుక్కొచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్ళం, అంతే పండగ. అందుకే పెళ్ళయి దక్షిణాన తరాజ్ వచ్చిన దగ్గర్నుంచీ ఈ వంట నేర్చుకోవాలని నాకు ఒకటే ఆత్రం. అత్తవారి పేర్లు కోడలు పలకకూడదు కాబట్టి నాకు ఆవిడ అపా. వీధికి మాత్రం ఉల్‌బోసిన్. నౌరిజ్ నాడు మా వీధి అంతటికీ కలిపి ఒక పెద్ద కుండ పెడతారు, ఆ కుండ ఎప్పుడూ ఆవిడదే. ఆవిడ అత్తగారి చేతి నుంచి ఆవిడ చేతికి వచ్చింది. మూడో ఇంటి కుల్షాత్ ఆ కుండ తనకి ఎప్పుడు వస్తుందా అని గరిటె పట్టుకుని కూర్చునుంది, ఆ సంగతి కూడా వీధి అంతటికీ తెలుసు. రేపు పొద్దున్న అందరికంటే పెద్దావిడ, వీధి మొత్తానికీ అజె, అంటే అవ్వ, అయిన బాతిమా అజె మొదటి గిన్నె తాగుతుంది. ఈ ఉప్పు తాగితే కుండ రేపే చెయ్యి మారుతుంది.

కోజెలో ఉప్పుకి కొలత ఉండదు. చలికాలం కోసం ఉప్పేసి దాచిన గుర్రపు మాంసంలో మిగిలిన ఆఖరి ముక్క వేస్తాం, దాని ఉప్పు దానిది. ఎండబెట్టిన పెరుగు ఉండలు, కుర్త్, నానబెట్టి కలుపుతాం, వాటి ఉప్పు వాటిది. ఏ ఇంటి మాంసం ఎంత ఉప్పు తాగిందో, ఏ కుర్త్ ఎంత దాచుకుందో చూసి చెప్పాల్సింది నాలుకే. "ఎన్ని గ్రాములు అపా?" అని నేను ఫోను పట్టుకుని వెంటపడితే, "గ్రాములు కొట్లో అడుగు పిల్లా, ఇక్కడ నోరు అడగాలి" అనేది. అలాంటి మనిషి నాలుక మీద ఈ ఉప్పు వేసుకుని సరిపోయిందని ఎలా అంది?

అది ఆలోచించే తీరిక లేదు. మాంసం ముక్కలు బయటికి తీసి మంచినీళ్ళలో వేశాను. ఉప్పు లేకుండా ఇంకో గిన్నెడు దంపిన గోధుమలు ఉడకబెట్టి కుండలో కలిపాను. చారు చల్లారకుండా పెరుగు పోస్తే విరిగిపోతుంది కదా, కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టి, మూత తీసి ఊదుతూ కూర్చున్నాను. చల్లారాక మూల ఉన్న పెరుగు బకెట్ మొత్తం ఎత్తి కుండలో పోసేశాను. రుచి చూశాను. బతికింది. హమ్మయ్య అని చెయ్యి కడుక్కుంటున్నానో లేదో వెనక అపా.

ఆవిడ కుండ వైపు చూడనేలేదు. బకెట్ వైపు చూసింది.

"ఇది ఎవరు ఖాళీ చేశారు?"

ఈ రాత్రికి ఇంట్లో ఏ పాత్రా ఖాళీగా ఉండకూడదు. పాలో, ధాన్యమో, కనీసం నీళ్ళో, అన్నీ నిండుగా ఉంటేనే వచ్చే ఏడు ఇల్లు నిండుగా ఉంటుంది. పొద్దున్నించీ ఇద్దరం అదే పని, చివరికి టీ కప్పుల్లో కూడా గోధుమలు పోశాం. పండగ ముందురోజు బకెట్ బోర్లించిన కోడలిని ఈ వీధిలో ఇంతవరకూ ఎవరూ చూసుండరు.

"నేనే అపా."

"ఎందుకు?"

"కోజెలో పోశాను."

"నా కుండలో నువ్వు చెయ్యి పెట్టావా?" గొంతు పెంచలేదు, అదే నాకు భయం వేసింది.

"అపా, తిట్టండి, కానీ ముందు వినండి. ఉప్పు ఎక్కువైంది. కొంచెం కాదు. చాలా. మీరు చూశాక నేనూ చూశాను."

ఆవిడ చప్పున "లేదే, సరిపోయిందే" అనబోయి మధ్యలో ఆగిపోయింది. స్టూలు లాక్కుని కూర్చుంది. తలగుడ్డ చివర వేళ్ళకి చుట్టుకుంది.

"జనవరిలో జ్వరం వచ్చింది చూడు," అంది. "అప్పట్నుంచీ లేదు."

"ఏం లేదు?"

"రుచే లేదు. వాసనా లేదు. టీ తాగితే వేడినీళ్ళు, మాంసం తింటే తోలు. నోట్లో ఎవరో ఉన్ని కుక్కినట్టుంటుంది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకుంటూ వచ్చాను."

"డాక్టరుకి చెప్పారా?"

"చెప్పాను. ఆగమన్నాడు. పండగ ఆగుతుందా?"

"మాకెందుకు చెప్పలేదు అపా?"

"చెబితే? అయ్యో పాపం అని కుండ తీసి కుల్షాత్ చేతిలో పెడతారు. ముప్పయ్యేళ్ళుగా నౌరిజ్ పొద్దున్న నన్ను వెతుక్కుంటూ వచ్చేది ఈ కుండ కోసమే తల్లీ. కుండ లేకపోతే నేను కూడా ఓ మూల కూర్చుని గిన్నె పట్టుకునే ముసలిదాన్నే."

చెంచా తుడిచి ముందు పెట్టాను. "రుచి నేను చూస్తాను. ఎలా ఉండాలో మీరు చెప్పండి."

"నీ నాలుక సీసా కోజె తాగిన నాలుక!"

"అందుకే చెప్పమంటున్నా."

ఆవిడ ఫక్కున నవ్వింది, అంత చిరాకులోనూ. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఎప్పుడూ చెప్పనిది, చెప్పాల్సిన అవసరమే రానిది. మధ్యలో మాటలు దొరక్క తన నోరు తనే వేలితో చూపించుకునేది. మొదటి గుటకకి పులుపు నాలుక పక్కల్ని లాగాలి, గొంతుని కాదు. గొంతు లాగిందంటే ముదిరిపోయినట్టే. తెల్లారేసరికి పులుపు ఇంకాస్త ఎక్కుతుంది, కాబట్టి ఇప్పుడు ఓ మెట్టు కిందే ఆపాలి. కొవ్వు పై పెదవికి అంటాలి, నాలుకతో ఒకసారి తుడిస్తే పోవాలి. గోధుమ పంటి కింద నలగాలి, జిగురై పోకూడదు.

"ఉప్పు?" అన్నాను.

"ఉప్పు నీకు కనపడకూడదు. తాగాక నీళ్ళు అడగాలనిపిస్తే ఎక్కువ. ఏమీ అడగాలనిపించకపోతే తక్కువ. ఇంకో గిన్నె అడగాలనిపిస్తే ఆపెయ్యి."

చెంచా చెంచాకీ ఆవిడ నా మొహమే చూస్తూ కూర్చుంది. "కళ్ళు మూసుకోకు, కనుబొమలు చూడాలి నాకు" అంది. కుర్త్ నీళ్ళు గరిటెడు పోయించింది, ఆపించింది, మళ్ళీ అరగరిటె పోయించింది. నానబెట్టిన మాంసం తిరిగి కుండలో వెయ్యమంది. చివరి చెంచాకి నా చెయ్యి దానంతటదే కుండ వైపు వెళ్ళింది. అది చూసి, "చాలు, మూత పెట్టు," అంది. తర్వాత బకెట్ తీసుకెళ్ళి పంపు దగ్గర అంచుదాకా నీళ్ళు పట్టుకొచ్చి యథాస్థానంలో పెట్టింది.

పొద్దున్న వీధి మొత్తం మా వాకిట్లో ఉంది. బాతిమా అజె కర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో గిన్నె పట్టుకుని, ఓ గుటక వేసి, ఆగింది. ఇంకో గుటక వేసింది.

"ఏమే ఉల్‌బోసిన్, ఉప్పు కుదిరింది, కానీ ఈ పులుపు నీది కాదే?"

కుల్షాత్ గిన్నె సగంలో ఆగిపోయింది. ఈ ఏడు ఆవు మారింది అజె అంటే సరిపోయేది, అందరూ నమ్మేవాళ్ళు. అపా నోరు తెరిచింది, ఆ మాటే వస్తుందనుకున్నాను.

"నా కోడలిది అజె. చెయ్యి నాది, నాలుక దానిది. జ్వరం వచ్చినప్పట్నుంచీ నాకు రుచి తెలియడం లేదు."

అజె గిన్నె కిందికి దించింది.

"అయితే మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ టీ తాగి, ఆహా అజె ఏం టీ అజె అన్నావే, అదంతా?"

"అబద్ధం అజె."

"ఛీ, దొంగమొహమా! పొగుడుతున్నావు కదా అని నీకోసం మంచి పొడి తీసి వేశానే!"

వాకిలంతా గొల్లుమంది. అపా కూడా నవ్వింది, తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంటూ. కుల్షాత్ మాత్రం గొంతు సవరించుకుని, "పాపం అక్కకి కష్టం కదా, వచ్చే ఏడు కుండ నేను పెడతాలే" అంది.

"పెడుదువుగానిలే, ముందు నీ కోజె తాగనీ," అని అజె ఖాళీ గిన్నె మళ్ళీ అపా ముందుకే చాపింది. "చేతులు బాగానే ఉన్నాయిగా నీకు? వడ్డించు. అడుగు నుంచి తియ్యి, మాంసం రావాలి."

అందరూ తాగాక అజె అరచేతులు తెరిచి దీవించింది, ఇక ఇంటింటికీ వెళ్ళడం మొదలైంది. ఒకరి కోజె ఒకరు తాగకపోతే నౌరిజ్ కాదు. కుల్షాత్ ఇంట్లో అపా నా పక్కకి జరిగి కూర్చుంది. ఓ గుటక వేసి, గిన్నె అడ్డం పెట్టుకుని గుసగుసగా అడిగింది:

"చెప్పు, ఎలా ఉంది?"

"మొక్కజొన్న సరిగా నానలేదు అపా, పంటికి గట్టిగా తగులుతోంది. కొవ్వు తేలికగా ఉంది."

"పులుపు?"

"నాలుక పక్కల్నే లాగుతోంది."

"ఉప్పు?"

కుల్షాత్ అటునుంచి మమ్మల్నే చూస్తోంది. అబద్ధం చెప్పాలని ఓ క్షణం నాకు గట్టిగానే అనిపించింది.

"ఇంకో గిన్నె అడగాలనిపిస్తోంది," అన్నాను.

అపా గిన్నె మొత్తం తాగేసింది. మూతి తుడుచుకుంది.

"కుల్షాత్, ఉప్పు బాగా కుదిరిందే. మొక్కజొన్న మాత్రం ఇంకో పూట ముందు నానబెట్టాల్సింది. వచ్చే ఏడు ముందురోజు మా ఇంటికి రా, ముగ్గురం కలిసి పెడదాం. మా పిల్ల రుచి చూసి చెబుతుంది."

కుల్షాత్ ఎర్రబడింది, నవ్వాలో వద్దో తెలియలేదు దానికి. అంతలోనే అపా గిన్నె దాని ముందుకి చాపి, "ఇంకాస్త పొయ్యవే," అంది, "ఇంకో గిన్నె అడగాలనిపిస్తోందట మాకు."